మూట విప్పి చూపించని మందు



ఉగాది వేడుకల్లో ఎవరెవరికి స్టాల్ ఇవ్వాలనే జాబితా మొన్న గ్రూపులో పెట్టారు. అందులో కీళ్ల నొప్పులకు, సోరియాసిస్‌కు, షుగరుకు రాజవైద్యం పొట్లాలు అమ్మే ఒకాయన ఉన్నాడు. ముఖం తెల్లబరిచే క్రీము అమ్మే ఒకామె ఉంది. ఈ ఇద్దరికీ ఇవ్వకూడదని నేను రాశాను. దానికి జవాబులు బాగానే వచ్చాయి. మన పెద్దల వైద్యాన్ని తక్కువ చేస్తున్నావని ఒకరు, రిటైరైన గుమాస్తాకు డాక్టరు పని ఎందుకని ఇంకొకరు. రెండో ఆయన అన్నది సరే, నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో టికెట్లు, పార్సిళ్లు రాసినవాణ్ణి. అడ్డు చెప్పింది కూడా ఆ లెక్కలోనే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

పార్సిల్ ఆఫీసుకు ఎవరైనా మూట తెస్తే ముందు ఫార్వర్డింగ్ నోట్ రాయాలి. లోపల ఏముందో, ఎవరు పంపుతున్నారో, ఎవరికి పోతుందో అన్నీ అందులో ఉండాలి. పేలేవి, మండేవి, విషాలు, ఆసిడ్లు అయితే రెడ్ టారిఫ్ అని వేరే పుస్తకమే ఉంది. దాని ప్రకారం కట్టాలి, దాని ప్రకారం గుర్తు వేయాలి. "లోపల ఏముందో చెప్పను, మా తాత కాలం నుంచి ఇలాగే పంపుతున్నాం" అంటే మూటను తిరిగి చేతికిచ్చి పంపేవాళ్లం. అది ఆయన తాతను అవమానించడం కాదు. ఆ వ్యాన్‌లో పక్కన ఇంకొకళ్ల సామాను కూడా ఉంటుంది, అంతే.

ఇప్పుడు మందు సంగతి. ఈ పొట్లాల్లో కొన్నింట్లో ఉండేది పాదరసం. అరవంలోనూ అదే పేరు, బడిలో నేను ఆ పేరుతోనే చదువుకున్నాను. మన నాటు మందు కొట్లలో ఇంగిలీకం అంటారు, అరవం వాళ్లు సాదిలింగం అంటారు, అది గంధకం కలిసిన పాదరసమే. రసకర్పూరం, రససిందూరం పేర్లలోనే రసం ఉంది. ఈ రసం చారు కాదు. సిద్ధ వైద్యంలో పర్పం, చెందూరం అనే తరగతుల్లో ఇలాంటివి ఉన్నాయి. ఇది రహస్యం కాదు, శాస్త్రం చదివిన సిద్ధ వైద్యుడు ఎవరైనా మొగమాటం లేకుండా చెప్తాడు. చట్టంలో కూడా ఉంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో షెడ్యూల్ ఇ(1) అని ఒక పట్టీ ఉంది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మందుల్లో వాడే విష పదార్థాల పట్టీ అది. అందులో ఉన్నవి కలిపి మందు చేస్తే, వైద్యుడి పర్యవేక్షణలో మాత్రమే వాడాలని డబ్బా మీద హెచ్చరిక వేయాలి. అంటే అది కూడా ఒక రెడ్ టారిఫే. మన స్టాల్ ఆయన పొట్లం మీద ఏముంది? ఒక దేవుడి బొమ్మ, ఒక సెల్ నంబరు. తయారు చేసింది ఎవరు, ఎక్కడ, లైసెన్సు నంబరు ఏది, లోపల ఏం వేశారు, ఏదీ లేదు.

పాదరసం అంటే మనకు తెలిసిన భయం ఒకటే, ఎక్కువ పోతే విషం అని. కానీ నేను చెప్పబోయేది వేరే దారి. కొంచెం కొంచెంగా, నెలల తరబడి ఒంట్లోకి పోయే పాదరసం కొందరిలో ఒంటి కాపలాదారులను తప్పుదారి పట్టిస్తుంది. బయటి క్రిముల మీదికి పోవాల్సిన రక్షణ సొంత ఒంటి మీదికే తిరుగుతుంది. దాన్నే ఆటో ఇమ్యూన్ అంటారు. ఆర్‌పీఎఫ్ వాళ్లు దొంగను వదిలేసి రోజూ వచ్చే సీజన్ టికెట్ మనిషిని పట్టుకుని కొట్టినట్టు.

అది ఎక్కువగా బయటపడేది కిడ్నీలో. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్న జల్లెడలు ఉంటాయి. నెత్తురులోని చెత్తను కిందికి వదిలి, ప్రోటీన్‌ను పైన ఆపుకోవడం వాటి పని. రక్షణ దళం తయారు చేసిన యాంటీబాడీలు వచ్చి ఈ జల్లెడ పొర మీద పేరుకుంటే జల్లెడ కన్నాలు పడ్డట్టు అయిపోతుంది, ప్రోటీన్ మూత్రంలో కారిపోతుంది. దీనికి మెంబ్రేనస్ నెఫ్రోపతి అని పేరు. నొప్పి ఉండదు. మూత్రంలో నురగ వస్తుంది, పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల్లో నీరు. చెప్పుల పట్టీ అచ్చు పడితే వయసు వల్ల అనుకుంటాం. ముదిరితే కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కాలి నరాల్లో నెత్తురు గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, కొందరికి కిడ్నీ పూర్తిగా పోతుంది.

ఈ యాంటీబాడీలు జల్లెడలో దేన్ని పట్టుకుంటున్నాయో చాలా కాలం తెలియలేదు. 2009లో ఒక ప్రోటీన్ దొరికింది, ఎక్కువమంది రోగుల్లో అదే. 2020లో నెల్-1 అని ఇంకొకటి దొరికింది. ఈ నెల్-1 రకం మన దక్షిణాదిలో అనుకున్నదానికంటే ఎక్కువగా కనబడేసరికి డాక్టర్లు రోగులను కూర్చోబెట్టి ఏమేం తింటున్నారు, ఏమేం పూసుకుంటున్నారని అడగడం మొదలుపెట్టారు. చెన్నపట్నంలో కిడ్నీ బయాప్సీలు చూసే డాక్టర్లు 2022లో అచ్చు వేసిన పరిశోధనలో, ఇలాంటి రోగుల్లో చాలామంది నాటు మందులు వాడినవాళ్లని తేలింది. ఆ మందులను పరీక్షిస్తే పాదరసం కనబడింది. కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు తమ దగ్గరికి వచ్చిన 22 మంది మెంబ్రేనస్ రోగులను చూస్తే 15 మందికి నెల్-1 ఉంది. ఆ 15లో 13 మంది ముఖం తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లు. పూసుకున్నది ముఖానికి, పోయింది కిడ్నీ.

క్రీములో పాదరసం ఎందుకంటారా? చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. అందుకే రెండు మూడు వారాల్లో ముఖం వెలుగుతుంది, మానేస్తే మళ్లీ మామూలే. కాబట్టి మానరు. ఇది కొత్త సంగతి కూడా కాదు. నైరోబీలో కిడ్నీ జబ్బుతో వచ్చిన ఆడవాళ్లు ఇలాంటి క్రీములు వాడుతున్నారని అక్కడి డాక్టర్లు 1972లోనే రాశారు. యాభై ఏళ్ల తర్వాత అదే కథ మన పక్క జిల్లాలకు వచ్చింది. మహారాష్ట్ర సభ్యులకు గుర్తుండే ఉంటుంది, అకోలాలో ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లకు కిడ్నీ దెబ్బతిన్న సంగతి పేపర్లలో వచ్చింది. ఒకే డబ్బా క్రీము ముగ్గురూ పంచుకున్నారు.

మన ప్రభుత్వ కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం కంటి చుట్టూ వాడే వాటికి తప్ప, మామూలు క్రీముల్లో తెలియకుండా కలిసే పాదరసం 1 పీపీఎం దాటకూడదు. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. దొంగ క్రీముల్లో వేల పీపీఎంలు దొరుకుతున్నాయి. ఒక గుర్తు చెప్తాను, ఆడవాళ్లు జాగ్రత్తగా వినండి. "ఈ క్రీము పూసుకునేటప్పుడు బంగారం, వెండి తగలనివ్వొద్దు" అని అమ్మేవాళ్లు చెప్తే అక్కడే లేచి వచ్చేయండి. బంగారానికి పాదరసం తగిలితే తెల్లబడుతుంది, కంసాలి ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. తాళిని తెల్లబరిచేది ముఖాన్ని తెల్లబరుస్తోంది. పైగా అది పూసుకున్నవాళ్లతో ఆగదు. తువాలుకు, దిండు గలీబుకు అంటుతుంది, గదిలో గాలిలో కలుస్తుంది, చంటిపిల్ల ఆ చెంపకే ముద్దు పెడుతుంది.

ఇక్కడ ఒక మాట కోపంగానే అంటాను. మన సంఘం పెళ్లి సంబంధాల పేజీలో పిల్ల చదువు కంటే ముందు "మంచి రంగు" అని రాస్తున్నాం. ఆ పేజీ మనం నడుపుతూ, ఈ క్రీముకు స్టాల్ కూడా మనమే ఇస్తే, ఒక చేత్తో జబ్బును పిలిచి ఇంకో చేత్తో కుర్చీ వేసినట్టు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి. మా బావగారు, మా పెద్దక్క మొగుడు, యాభై ఎనిమిదేళ్లప్పుడు మోకాళ్ల నొప్పులకు ఒక ఊళ్లో ఒక వైద్యుడి దగ్గర ఎర్రటి పొడి తెచ్చుకున్నాడు. తేనెలో రంగరించి రోజుకు రెండు పూటలు. నొప్పి తగ్గింది, కాదనను. ఏడెనిమిది నెలలకు కాళ్లు ఉబ్బాయి. ఆస్పత్రిలో "వేరే మందులు ఏమైనా వాడుతున్నారా?" అని అడిగితే "లేదు సార్" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో మాత్ర, సూది ఇవే మందులు. పొడి అంటే పథ్యంలాంటిది. బయాప్సీలో నెల్-1 అని వచ్చింది. ఈ రకం జబ్బు కొందరిలో లోపల దాగిన కేన్సర్‌కు గుర్తుగా కూడా వస్తుంది కాబట్టి డాక్టర్లు తల నుంచి కాలి దాకా స్కానింగులు మొదలుపెట్టారు. రెండు వారాలు మా అక్క అన్నం ముట్టలేదు. మూడోసారి వెళ్లినప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ, "పెద్దమ్మా, ఇంట్లో ఈయన తేనెలోనో పాలల్లోనో కలుపుకుని ఏమైనా తింటారా?" అని అక్కను అడిగింది. అప్పుడు బయటపడింది. పొడి మానేశాడు, బీపీ మాత్ర ఒకటి ఇచ్చారు, ఏడాదిన్నరకు మూత్రంలో ప్రోటీన్ దాదాపు ఆగింది.

ఆ డాక్టరమ్మ అడిగిన తీరు చూడండి. "మందు" అనే మాటే వాడలేదు. నేను కాట్పాడిలో పనిచేసినప్పుడు ఆంధ్రా నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి రాయవేలూరు ఆస్పత్రికి దిగేవాళ్లను రోజూ చూస్తా ఉండేవాణ్ణి. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎక్స్‌రేలు, పాత చీటీలు, స్కానింగు రిపోర్టులు. అన్నీ వరసగా పెట్టుకుని వస్తారు. ఆ సంచిలో పొడి పొట్లం మాత్రం ఉండదు. డాక్టరు తిడతాడని ఇంట్లోనే పెట్టి వస్తారు. కొందరు డాక్టర్లు తిడతారు కూడా, అది వాళ్ల తప్పు. తిట్టినకొద్దీ రోగి దాస్తాడు, దాచినకొద్దీ జబ్బు కారణం దొరకదు. కారణం దొరికితే ఈ జబ్బు మంచి జబ్బుల్లో ఒకటి. పొడో క్రీమో ఆపితే ఎక్కువమంది బాగుపడుతున్నారు, చాలామందికి ఒంటి రక్షణనే అణచివేసే పెద్ద మందులు అక్కర్లేకుండానే. కారణం తెలియకపోతే అవే పెద్ద మందులు వాడతారు, ఇంట్లో పొడి మాత్రం అలాగే సాగుతుంది.

ఇక గ్రూపులో వచ్చిన వాదాలు.

"మా తాత తొంభై ఏళ్లు తిన్నాడు, ఏమీ కాలేదు." సంతోషం. ఎలుకల మీద దీన్ని చాలా ఏళ్ల కిందటే చూశారు. బ్రౌన్ నార్వే అనే జాతి ఎలుకలకు కొంచెం పాదరసం లవణం ఇస్తే వాటి ఒళ్లు సొంత కిడ్నీ మీదికే తిరగబడుతుంది. లూయిస్ అనే ఇంకో జాతికి అదే ఇస్తే అలా జరగదు. పుట్టుకతో వచ్చే తేడా అది. తాత ఏ జాతో తొంభై ఏళ్లకు తెలిసింది, మనవడు ఏ జాతో పొట్లం కొనే రోజు ఎవరికీ తెలియదు. లోహం సామాన్యమైంది కాదు. ప్రోటీన్లలో గంధకం ఉన్న చోట గట్టిగా అతుక్కుంటుంది, అతుక్కున్న ప్రోటీన్ రూపు మారుతుంది, రూపు మారినదాన్ని కాపలావాడు పరాయిదనుకుంటాడు. పరిశోధకులు చెప్పే దారుల్లో ఇది ఒకటి.

"శుద్ధి చేస్తే విషం పోతుంది." దీన్ని కొట్టిపారేయను. గంధకంతో కలిసిన పాదరసం నీళ్లలో కరగదు, పేగుల్లోంచి నెత్తురులోకి తక్కువ పోతుంది, అది నిజం. కానీ ఎన్ని పుటాలు పెట్టినా పాదరసం పాదరసమే, రాగిగానో ఇనుముగానో మారదు. రూపం మారుతుంది, పదార్థం పోదు. శుద్ధి సరిగ్గా జరిగిందో లేదో, ఎంత కలిపారో, ఎన్ని నెలలు తినొచ్చో చెప్పాల్సింది తయారు చేసినవాడు. అతని పేరే పొట్లం మీద లేనప్పుడు శుద్ధి గురించి ఎవరిని అడగాలి?

"ఇంగ్లీషు మందులకు సైడ్ ఎఫెక్టులు లేవా?" ఉన్నాయి, ఇదే జబ్బులోనే ఉన్నాయి. కీళ్లవాతానికి ఒకప్పుడు అల్లోపతీ వాళ్లు బంగారు లవణాల సూదులు వేసేవాళ్లు. ఆ బంగారం కొందరిలో సరిగ్గా ఈ మెంబ్రేనస్ జబ్బే తెచ్చింది. మరి ఏం చేశారు? సూది వేసే ముందు మూత్రం పరీక్ష చేసి, ప్రోటీన్ కనబడితే ఆపేసేవాళ్లు. తర్వాత మేలైన మందులు రాగానే ఆ సూదులు మూలకు పోయాయి. షుగరు వాళ్లకు కాళ్ల మంటలకు రాసే లైపోయిక్ ఆసిడ్ మాత్రల వల్ల కూడా కొందరికి నెల్-1 జబ్బు వచ్చినట్టు ఈ మధ్య బయటపడింది. కాబట్టి ఇది అరవ వైద్యమా, ఇంగ్లీషు వైద్యమా అనే తగాదా కాదు. ఏం ఇచ్చారో రాసి ఉందా, ఇచ్చాక తిరిగి చూస్తున్నారా, తేడా అక్కడుంది. ప్రభుత్వ సిద్ధ ఆస్పత్రిలో పేరు రాసుకుని, చీటీ ఇచ్చి, మళ్లీ రమ్మని చెప్పే వైద్యుడికి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆయన మన వేడుకకు వస్తానంటే స్టాల్ కాదు, స్టేజీ ఇవ్వండి.

ఆదివారం సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం చిన్నది. మన సంఘం గొడుగు కింద ఏ మందు అమ్మాలన్నా, ఏ క్రీము అమ్మాలన్నా తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, లోపలి సరుకుల జాబితా డబ్బా మీద ఉండాలి. లేనిదానికి స్టాల్ లేదు, గ్రూపులో ప్రకటన లేదు, ఎవరి మేనమామ అయినా సరే. స్టాల్ అద్దె పోతుందని కోశాధికారి గారు అన్నారు. ఆ మొత్తం నా పెన్షన్‌లోంచి ఈ ఏడాదికి నేను కడతాను. ఆ స్థలంలో మూత్రం పరీక్ష పట్టీలు పెట్టి ఒక నర్సమ్మను కూర్చోబెడదాం. మూత్రంలో ప్రోటీన్ ఉందా లేదా అని ఆ పట్టీ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది.

నిన్న రాత్రి ఒక వదినగారు విడిగా మెసేజ్ పెట్టారు, నాలుగు నెలలుగా పొడి తింటున్నాను, ఇప్పుడేం చేయాలి అని. ఆమెకు చెప్పిందే అందరికీ చెప్తున్నాను. కంగారుపడకండి. షుగరుకో, బీపీకో, ఫిట్స్‌కో డాక్టరు రాసిన మాత్రలుంటే వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. పేరూ ఊరూ లేని పొడిని మాత్రం ఇవాళే పక్కన పెట్టండి, పారేయొద్దు. పొద్దుటి మూత్రం పరీక్షకు ఇవ్వండి. ప్రోటీన్ కనబడినా, కాళ్లలో నీరున్నా కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ పొట్లం సంచిలో వేసుకుని వెళ్లండి, ఖాళీ అయిపోయిన కాగితమైనా సరే, క్రీము డబ్బా మూతైనా సరే. అడగకపోయినా బల్ల మీద పెట్టండి.